ఒక్క దెబ్బకు ఆగే బండి

బస్సులో ఇనుప కడ్డీ మీద టక్కుమని ఒక్క దెబ్బ వినిపిస్తే ఇప్పటికీ నా నడుము నిటారుగా అవుతుంది. ఈ ఉదయం కూడా అంతే. న్యాల్‌కల్ పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో పుస్తకం తెరిచి పెట్టుకుని, కునికిపాట్లు పడుతున్నాను. కొత్తగా వచ్చిన కండక్టరమ్మ చేతి ఉంగరంతో కడ్డీని కొట్టింది. బస్సు ఆగింది. ఎవరో కందిపప్పు సంచి నెత్తిన పెట్టుకుని దిగారు. మళ్ళీ టక్ టక్ అని రెండు దెబ్బలు, బస్సు కదిలింది. ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే పోవాలి. ఆ భాషలో మూడో మాట లేదు. దాన్ని నాకు నేర్పిన మనిషి మహానంద అత్త. ఆమె పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఆమె మీద నాకున్న విసుగు మాత్రం ఇంకా పోలేదు.

అత్త అంటే నిజం చుట్టరికం కాదు. జహీరాబాద్‌లో మా గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు ఆమెది. పుట్టిల్లు బీదర్ వైపు. ఇంట్లో వాళ్ళమ్మతో కన్నడం, మాతో తెలుగు, బస్సులో ఎవరు ఏది మాట్లాడితే అది మాట్లాడేది. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. ఇరవై ఆరేళ్ళు కండక్టర్‌గా పనిచేసి, ఆ ఉద్యోగాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నది. పెళ్ళి విందులో బంతి దగ్గర నిలబడి “నడుమల ఖాళీగున్నది, జర ముందుకు జరుగుండ్రి” అని అరిచేది. దవాఖానలో వరుస వంకరగా ఉంటే జ్వరంతో ఉన్నవాళ్ళను కూడా సరిగ్గా నిలబెట్టేది. మా ఇంటికి చుట్టాలొస్తే గుమ్మంలోనే వేలు చూపించి లెక్కపెట్టేది. వాళ్ళు వెళ్ళేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టి, ఒకరు తక్కువైతే “ఇంకొకరేడ?” అని స్నానాల గది వైపు చూసేది. నేనేమో నలుగురిలో నోరు విప్పలేని పిల్లను. అటువంటి మనిషి పక్కింట్లో ఉండటం నాకొక శిక్ష. సాయంత్రం మెట్ల మీద కూర్చుని డైరీ రాసుకుంటుంటే గోడ మీదుగా ఆ గొంతు వచ్చి పడేది.

“ఏమే పిల్లా, ఏం రాస్తున్నవ్? నా మీదనేనా?”

“కాదత్తా.”

“అయితె రాయి. మా అత్త మస్తు చక్కగుంటది అని రాయి. గిన్ని పేజీలల్ల ఒక్క మంచిమాట లేకుంటె ఎట్ల?”

వీధంతా నవ్వేది. నేను డైరీ మూసుకుని లోపలికి పోయేదాన్ని. నిజానికి అప్పుడు రాస్తున్నది ఆమె మీదే. అది ఆమెకు ఎలా తెలిసిపోయేదో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

డిగ్రీ చదివే రోజుల్లో నేను ఆమె బస్సులోనే కాలేజీకి పోయేదాన్ని. ఒకరోజు ఆమె వెనక సీట్ల దగ్గర గొడవ తీరుస్తూ నేను దిగవలసిన స్టేజీ గమనించలేదు. ‘ఆపండి’ అనడానికి నాకు నోరు రాలేదు. రెండు స్టేజీలు అవతల ఎవరో దిగుతుంటే వాళ్ళతో పాటు దిగి, ఎండలో వెనక్కి నడిచాను. ఆ సంగతి తెలిసిన సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి, అమ్మ ముందే నన్ను నిలబెట్టి తిట్టింది. “నోరు పెగలకపోతె కడ్డీ లేదా? ఒక్కటి కొట్టు. డ్రైవర్ ఇస్మాయిల్ భాయ్ చెవులకు గదే చాలు. నువ్వు పిలిచినా ఆయనకు ఇనబడది, కొడితె ఇనబడ్తది.” మర్నాడు నేను కడ్డీ దాకా చెయ్యి తీసుకుపోయి, అందరూ చూస్తున్నారనిపించి, జుట్టు సర్దుకున్నట్టు చేసి దించేశాను. ఆ తర్వాత డిగ్రీ అయ్యేదాకా నా స్టేజీ ఆమే గుర్తుపెట్టుకుని కొట్టింది. కొట్టిన ప్రతిసారీ “మా మహారాణి దిగుతది, జరుగుండ్రి” అని అరిచేది కూడా. అది వినలేక ఒక్కోసారి నడిచిపోదామనిపించేది.

ఆమె రిటైరైన మర్నాడు మా వంటింటి గడప మీద కూర్చుని అమ్మతో అంది: “వదినా, ఇరవై ఆరేండ్లు మంది నడుమ నిలవడ్డ. ఒక్కపారి ఎవ్వరు లేని తావుకు పోయి కూసోవాలె. టికెట్ అనకుండ, జరుగుండ్రి అనకుండ.”

“మొగుడంపల్లిల మా పొలం గట్టుంది గద, పోయి కూసో,” అంది అమ్మ.

“ఆడ కూసుంటె నువ్వు కలుపు తియ్యమంటవు.”

ఎవరు చూపించారో, ఆమె ఫోనులో ఒక ఫొటో ఉంది. కర్ణాటకలో ఎక్కడో ఒక నేషనల్ పార్క్, మంచులో ఎర్రమట్టి దారి, దారి మధ్యలో ఒక జింక. ఆ ఫొటోలో మనుషులు లేరు కాబట్టి అక్కడ కూడా ఉండరని నమ్మి, అక్కడికే పోదామని ఆమె తేల్చేసింది. ఫొటో తీసినవాడి వెనక ఎంతమంది నిలబడి ఉన్నారో మేమెవరమూ ఆలోచించలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు న్యాల్‌కల్ దగ్గర ఒక బడిలో తెలుగు చెప్పే ఉద్యోగం ఇస్తామని కబురు వచ్చింది. వచ్చేదీ లేనిదీ సోమవారం లోపల చెప్పాలి. రానని రాయడానికి డైరీలో ఒక చిత్తుప్రతి సిద్ధం చేసుకున్నాను. నలభై మంది పిల్లలు ఒకేసారి నా ముఖంలోకి చూడటం ఊహించుకుంటేనే నాకు చెమట పట్టేది. ఇంట్లో మాత్రం ఇంకా ఆలోచిస్తున్నానని చెప్పాను. ఆ డైరీని సంచిలో పెట్టుకుని, శుక్రవారం ఉదయం ఆ ప్రయాణానికి బయలుదేరాను.

మేం నలుగురం. అత్త, అమ్మ, నేను, బండి నడిపే ఇస్మాయిల్ చాచా. చాచా పద్నాలుగేళ్ళు అత్త బస్సుకు డ్రైవర్. ఆమెకంటే ముందే రిటైరై ఒక తూఫాన్ బండి కొనుక్కున్నాడు. ఇద్దరూ ఒక బండిలో కూర్చునేసరికి ఆ తూఫాన్ కాస్తా బస్సైపోయింది. అత్త ముందు సీట్లో కూర్చోనంది, వెనక తలుపు దగ్గరే కావాలంది. రెండు దెబ్బలు కొట్టందే చాచా కదల్చలేదు. చిరాగ్‌పల్లి దాటేలోపలే స్టేజీ కనిపించిందని మూడుసార్లు ఆపారు. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. “అలవాటు బిడ్డా, కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతది,” అన్నాడు చాచా, తప్పు తన కాలిది అయినట్టు. ఒక దాబా దగ్గర టీ తాగడానికి దిగితే, అత్త చేతి గడియారం చూసి “అయిదు నిమిషాలె” అంది. అమ్మ నాలుక కాల్చుకుంది. దారిలో ఒక ఊళ్ళో లాడ్జిలో ఆ రాత్రి గడిపి, తెల్లవారుజామునే మళ్ళీ లేచి బయలుదేరాం. జొన్నరొట్టెల మూట నా ఒళ్ళో, చట్నీపొడి డబ్బా నా కాళ్ళ మధ్య. చదువుదామని తెచ్చుకున్న పుస్తకం ఎక్కడుందో నాకే తెలియదు.

పార్క్ గేటుకు మేం చేరేసరికి మాకంటే ముందు వంద బండ్లు ఉన్నాయి. సెలవు రోజులు కావడంతో ఊళ్ళకు ఊళ్ళే కదిలి వచ్చినట్టుంది. ఒక బండిలో పాటలు, పక్క బండిలో ఇంకా పెద్ద పాటలు. పిల్లలు చిప్స్ పొట్లాలు కోతులకు విసురుతున్నారు, కోతులు వాటిని మా బండి మీద కూర్చుని తింటున్నాయి. నిన్న పులి కనిపించిందట అని ఒకరంటే, ఇప్పుడే కనిపించిందట అని పదిమంది పరుగెత్తారు. అది గేటు కాపలావాళ్ళ గోధుమరంగు కుక్క. మంచు లేదు, దుమ్ముంది. నాకు ఏడుపొచ్చింది. అత్త వైపు చూశాను, ఇంక పోదామంటుందేమోనని. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఎదురుగా అంత పెద్ద వంకర వరుస, సరిచేసేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆమె దిగింది. “ఏ అన్నా, ఎడమకు తియ్యి. ఓ లాల్ గాడీ, పీఛే. నువ్వు నడుమల ఎందుకు జొచ్చినవ్? దిగు, దిగి సూడు నీ తోక యాడున్నదో!” తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో. వాళ్ళూ చిత్రంగా మాట విన్నారు. కాసేపటికి జనం ఆమెను పార్క్ మనిషే అనుకుని టాయిలెట్ ఎక్కడ, జీపు ఎప్పుడొస్తుంది అని అడగడం మొదలుపెట్టారు. ఆమె తెలిసినదానికీ, తెలియనిదానికీ జవాబు చెప్పింది. మనుషులు లేనిచోట కూర్చోవడానికి రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చిన మనిషి, మూడు గంటల సేపు ఆ గేటు ముందు ఉద్యోగం చేసింది. “మీ అత్తకు ఇప్పుడు పెన్షన్ కాదు, జీతం ఇయ్యాలె,” అని అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని వెనక సీట్లో ఒరిగింది. నేను తల వంచుకుని కూర్చున్నాను, ఆమె మా మనిషని ఎవరికీ తెలియకూడదని. అది రాసుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

పదకొండు గంటలకు ఆమె గొంతు పోయింది. బొంగురుపోవడం కాదు, పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది అంతే. అప్పటికి మా ముందు ఆరు బండ్లే ఉన్నాయి. ఆమె మా బండి వెనక్కి వచ్చి, ఫ్లాస్కులో వేడినీళ్ళు ఇమ్మని అమ్మను లేపడానికి, బండి రేకు మీద అరచేత్తో కొట్టింది. రెండు దెబ్బలు.

స్టీరింగ్ మీద తల పెట్టుకుని కునుకుతున్న ఇస్మాయిల్ చాచా కళ్ళు కూడా సరిగ్గా తెరవలేదు. చెయ్యి గేరు మీదికి పోయింది, బండి కదిలింది. పక్కకు కోసి, బయటికి పోయే దారిలో పడింది. ఆ దారి ఖాళీగా ఎందుకుందంటే, పొద్దుటి నుంచి అరిచి అరిచి దాన్ని ఖాళీ చేయించింది అత్తే. కాపలావాడు కూడా పొండి పొండి అని చెయ్యి ఊపాడు. వెనక అద్దంలోంచి నాకు ఆమె కనిపిస్తోంది. చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని పరుగెత్తుకొస్తోంది. నోరు తెరిచి ‘హోల్డన్’ అంటోంది, బస్సు ఆపడానికి ఇరవై ఆరేళ్ళు అన్న మాట. శబ్దం లేదు. నేనూ నోరు తెరిచాను. నాకు గొంతు ఉంది, ఏ రోగమూ లేదు. అయినా శబ్దం లేదు. అమ్మ చెవుల్లో దూది. ఒక మలుపు తిరిగింది, అత్త చిన్నగా అయింది. తెలియని చోటు, ఆమె ఫోను బండిలోనే ఉంది, ఎవరినైనా అడుగుదామంటే గొంతు లేదు. రెండో మలుపు వస్తోంది. నా ఒళ్ళో సంచిలో డైరీకి గుచ్చిన స్టీలు పెన్ను చేతికి తగిలింది. దాన్ని తీసి కిటికీ కడ్డీ మీద నా బలమంతా పెట్టి కొట్టాను. ఒక్కటి.

బండి నిలువునా ఆగింది. రొట్టెల మూట దొర్లింది. చాచా వెనక్కి తిరగనైనా తిరగకుండా, అద్దంలోకి చూసి, అలవాటుగా అడిగాడు.

“ఎవరు దిగాలె?”

“దిగడం కాదు చాచా,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “అత్త ఎక్కాలె.”

ఆమె వచ్చి ఎక్కింది. చాచా తల కొట్టుకుని, “తోబా తోబా, రెండు కొట్టినవ్ గద మేడం, నేనేం జేయాలె?” అన్నాడు. ఆమె అతని భుజం మీద ఒక్కటిచ్చింది, అదృష్టం, ఒక్కటే. వరుసలో మా చోటు పోయింది. మళ్ళీ చివరికి పోయి నిలబడితే సాయంత్రం దాకా లోపలికి పోలేమని కాపలావాడు చెప్పాడు. ఇంత దూరం వచ్చి పులి తోక కూడా చూడకుండా పోతామా అని అమ్మ గొడవ పెట్టింది. అత్త ఆ గేటునూ, తాను కట్టిన వరుసనూ ఒకసారి చూసింది. తన చోట ఎవరో కొత్తగా వచ్చి అప్పుడే అడ్డంగా దూరారు. ఆమె చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. తర్వాత చెయ్యెత్తి కడ్డీ మీద రెండు దెబ్బలు కొట్టింది. ఈసారి తెలిసే కొట్టింది.

గేటు దగ్గరి టీకొట్టువాడు చెప్పిన గుర్తుల ప్రకారం, గంటసేపు మట్టిదారిలో పోతే ఒక చెరువు పక్కన గుడారాలు వేసే చోటు వచ్చింది. ఊరివాళ్ళే నడుపుతారట. నాలుగు గుడారాలు, ఒక వంటపాక, కట్టెతో కట్టిన గేటు. గేటు దగ్గర ఒక ముసలాయన రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. ముందుగా చెప్పకుండా వస్తే ఉంచుకోరని టీకొట్టువాడు మాకు ముందే అన్నాడు. చాచా ఉర్దూలో మొదలుపెట్టాడు, ఆయనకు అర్థం కాలేదు. అమ్మ తెలుగులో చెప్పింది, అదీ అర్థం కాలేదు. ఎప్పుడైనా మా అందరి తరఫునా మాట్లాడేది ఒక్కరే, ఆమె గొంతు పట్టుకుని నిలబడి ఉంది. ముగ్గురూ నా వైపు చూశారు. నాకు కన్నడం రాదు అనబోయాను. అత్త వెనక నుంచి నా జబ్బ గిల్లింది. ఇన్నేళ్ళూ గోడ అవతల వాళ్ళమ్మతో ఆమె మాట్లాడిన ప్రతి మాటా నేను విన్నానని, నాకు అన్నీ అర్థమవుతాయని, ఆమెకు తెలుసు. ఒక్కనాడూ నన్ను మాట్లాడమని మాత్రం అడగలేదు.

“ఇవత్త ఇల్లి ఇరబహుదేన్రీ?” అన్నాను. ఈరోజు ఇక్కడ ఉండవచ్చా అని.

ఆయన ఎంతమంది అని అడిగాడు. నేను వేలు చూపించి లెక్కపెట్టాను. సగం లెక్కలో గుర్తొచ్చింది, అది ఎవరి వేలో. నలుగురమని చెప్పాను. ఒక గుడారం ఇస్తానని, కానీ ఇక్కడ గద్దల, అంటే గోల, చేయకూడదని, అడవి పక్కన అని ఆయన గట్టిగా చెప్పాడు. నేను వచ్చిన ముక్కల్లో చెప్పాను: మాలో గద్దల చేసే మనిషి ఒక్కతే, ఆమెకు పొద్దున్నే గొంతు పోయింది అని. అత్త తన కంఠం మీద వేలు పెట్టి చూపించి, తల ఊపింది. ముసలాయన పళ్ళు లేని నోటితో నవ్వి, గేటు తీశాడు. “బర్రి, బర్రి,” అన్నాడు, రండి రండి అని.

చివరికి దొరికింది ఆమె కోరుకున్న చోటు. చెరువు, టేకుచెట్లు, ఎక్కడో ఒక పిట్ట. మేం నలుగురం, గేటు దగ్గర ముసలాయన తప్ప మనిషి లేడు. అత్త పావుగంట కూర్చుంది. తర్వాత లేచి కుర్చీలను వరుసగా పెట్టింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, డైరీ ఇమ్మని చెయ్యి చాపింది, మాట రాదు కదా. ఎన్నేళ్ళుగా ఎవరికీ చూపించని నా డైరీని ఆమె పలకలాగా వాడింది. ‘నీళ్ళు’ అని ఒక పేజీ. ‘మీ అమ్మను ఇటు జరుగుమను’ అని ఒక పేజీ. ‘ఈడ మస్తుగున్నది’ అని ఒక పేజీ, పెద్ద పెద్ద అక్షరాల్లో. ఒక మూలలో రాస్తే సరిపోయేదానికి పేజీకి పేజీ! నేను పళ్ళు కొరుక్కుంటూ చూస్తున్నాను. ఖాళీ పేజీ కోసం వెనక్కి తిప్పుతూ ఆమె ఆగింది. లాక్కునేలోపలే చదివేసింది. నలుగురి ముందు మాట్లాడే అలవాటు లేనందున ఈ ఉద్యోగంలో చేరలేకపోతున్నాను అని నేను రాసుకున్న చిత్తుప్రతి.

గొంతు ఉంటే ఆమె అరిచేది. చెరువవతల ఒడ్డుకు కూడా వినిపించేది. అప్పుడు నేను ఏడ్చి గుడారంలో దూరేదాన్ని, విషయం అక్కడితో అయిపోయేది. గొంతు లేదు కాబట్టి పెన్ను మళ్ళీ పట్టుకుంది. ఇంకా వెలుతురు ఉంది. నా వాక్యం కిందే, ఈసారి చిన్న అక్షరాలతో రాసింది.

‘పొద్దుగాల బండి ఆపింది ఎవరు?’

“అది కడ్డీ కొట్టడం అత్తా. మాట్లాడటం కాదు,” అన్నాను కోపంగా.

ఆమె మళ్ళీ రాసింది. ‘నేను జేసిన నౌకరి గదే.’

మర్నాడు తెల్లవారగానే లేచి చూస్తే ఆమె చెరువు ఒడ్డున ఒక బండ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, బస్సులో ముసలివాళ్ళకు సీటు చూపించినట్టు అరచేత్తో పక్కన తట్టింది. కూర్చున్నాను. పులి రాలేదు, జింక కూడా రాలేదు. ఆమె దేన్నీ లెక్కపెట్టలేదు, దేన్నీ సరిచేయలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. ఆమెను అంతకుముందు గానీ తర్వాత గానీ అలా నేను చూడలేదు. తిరుగు ప్రయాణంలో, సరిగ్గా చిరాగ్‌పల్లి స్టేజీ దగ్గర, ఆమె గొంతు వచ్చింది. మొదటి మాట “హోల్డన్!” చాచా ఆపాడు. ఎవరూ దిగేది లేదు. ఆమె మాత్రం పోయిన వస్తువు దొరికినట్టు నవ్వింది. ఇల్లు చేరేదాకా మళ్ళీ నోరు మూయలేదు. నేను అమ్మ చెవుల్లోంచి దూది తీసుకుని నా చెవుల్లో పెట్టుకున్నాను.

సోమవారం నేను బడికి వస్తానని చెప్పాను. మొదటి రోజు తరగతిలో నలభై మంది కాదు, యాభై ముగ్గురున్నారు. నా మాట ముందు బెంచీ దాకా కూడా పోలేదు. పెన్నుతో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టాను. సినిమాల్లోలాగా అందరూ నిశ్శబ్దం కాలేదు. కానీ రెండో వరుసలో ఒక పిల్ల “ఏంది టీచర్?” అని అడిగింది. అడిగితే జవాబు చెప్పాలి కదా, చెప్పాను. అలా మొదలైంది. ఆ సంగతి చెబితే అత్త గోడ అవతల నుంచి వీధంతటికీ చాటింది. నేను రెండు రోజులు బయటికి రాలేదు.

ఆ పెన్ను ఇంకా వాడుతున్నాను. ఆనాడు కడ్డీకి కొట్టినప్పుడు మూత సొట్టపోయింది, సరిగ్గా పట్టదు. వారానికొకసారి సంచిలో ఊడిపోయి, సిరా కారి, పుస్తకాల అంచులన్నీ నీలంగా అవుతాయి. ఈ ఉదయం బస్సు దిగేటప్పటికి నా చీర కొంగుకు కూడా అంటింది. ఉతికినా పోదు. విసుక్కుంటూనే దాన్ని పట్టుకుని తరగతిలోకి పోయి, బల్ల మీద కొట్టాను. ఒక్కటి.